కొంచెం – కొంచెమే

పరభాషను నేర్చుకొనేవారిని తికమకపెట్టేవి పెద్ద మాటలు కావు. పెద్ద మాట ఎదురైతే నిఘంటువు తెరుస్తాం, అర్థం చూసుకొని ముందుకు సాగుతాం. నిత్యం వినబడే చిన్న మాటల దగ్గరే మనం పొరబడతాం. తెలిసిన మాటే గదా అనే ధీమా అందుకు కారణం. ఇంగ్లీషులోని 'లిటిల్' అటువంటి మాట. చిన్ననాటి పాటలలోనే దానితో పరిచయం కలుగుతుంది. అయినా కళాశాలకు వచ్చిన తరువాత కూడా దాని పోకడ చాలామందికి అంతుపట్టదు.

'దేర్ ఈజ్ లిటిల్ వాటర్', 'దేర్ ఈజ్ ఎ లిటిల్ వాటర్' – ఈ రెండు వాక్యాలకు ఒకే అర్థం చెప్పే విద్యార్థులు ఎందరో ఉన్నారు. నిజానికి మొదటి వాక్యానికి నీళ్ళు లేనట్టే అని భావం. రెండవ వాక్యానికి కాసిని నీళ్ళున్నాయి, పని జరుగుతుంది అని భావం. పాత్ర ఒకటే, అందులోని నీళ్ళూ అవే కావచ్చు. ముందున్న 'ఎ' అనే ఒక్క అక్షరం నిరాశను ఆశగా మార్చివేసింది.

ఈ భేదం తెలుగువారికి కొత్తది కాదు. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు మెట్టసీమలు. పడమట వెలిగొండలు, తూర్పున వాననే నమ్ముకొన్న పొలాలు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలు కరుణిస్తేనే అక్కడి చెరువులు నిండుతాయి. అటువంటి ఊళ్ళో ఒక రైతు, "చెరువులో నీళ్ళుండాయా అన్నా?" అని అడుగుతాడు. "కొంచెం ఉండాయి నాయనా" అని జవాబు వస్తే నారు పోయవచ్చునా అని ఆలోచిస్తాడు. "కొంచెమే ఉండాయి" అని వస్తే నాగలిని చూరు కిందికి చేరుస్తాడు. ఇంగ్లీషు పదానికి ముందు 'ఎ' చేరితే ఆశ పుడుతుంది. తెలుగు పదానికి చివర 'ఏ' చేరితే ఆశ సన్నగిల్లుతుంది. రెండు భాషలూ ఒకే భేదాన్ని పాటించాయి, కాని ఎదురెదురు దారులలో నడిచాయి. ఈ సంగతిని గుర్తించిన విద్యార్థికి వ్యాకరణ సూత్రాన్ని వల్లెవేయవలసిన పని ఉండదు. తన ఇంటి మాటే అతనికి సూత్రమవుతుంది.

మన 'కొంచెం' అక్కడితో ఆగదు. 'కొంచెమైనా' అంటే ప్రాధేయపడడం ఉంది. 'కొంచెమూ లేదు' అంటే పూర్తిగా శూన్యమని అర్థం. ఇక ఇంగ్లీషువారు కొలిచేవాటికి 'లిటిల్', లెక్కించేవాటికి 'ఫ్యూ' అని వేరుచేశారు. తెలుగువారు కొలిచేవాటికి 'కొంచెం' అని, లెక్కించేవాటికి 'కొన్ని' అని అనడమే గాక, మనుషుల కోసం ప్రత్యేకంగా 'కొందరు' అనే మాటను ఏర్పరచుకొన్నారు. కొద్దిమందే అయినా మనుషులను వస్తువులతో కలిపి లెక్కించకపోవడం మన భాషలోని మర్యాద.

'లిటిల్' పరిమాణాన్ని మాత్రమే చెప్పే మాట కాదు. 'స్మాల్' అంటే కొలత తెలుస్తుంది, 'లిటిల్' అంటే తరచుగా మనసు తెలుస్తుంది. తెలుగులో చిన్ని, చిట్టి, బుజ్జి, బుల్లి అనే మాటలు ఈ పనే చేస్తాయి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి జయించాడు. ఆ విజయానికి గుర్తుగా ఉదయగిరి నుండి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తీసుకొనిపోయాడు. దానికోసం కట్టించిన కృష్ణాలయంలో 1515లో ప్రతిష్ఠ జరిపించాడు. అంతటి దుర్గాన్ని సాధించిన చక్రవర్తి భక్తితో తెచ్చుకొన్నది బాలరూపాన్ని. దానిని 'చిన్ని కృష్ణుడు' అని పిలిచేటప్పుడు ఎవరూ దేవుణ్ణి తక్కువ చేయడం లేదు, దగ్గరకు తీసుకొంటున్నారు.

అయితే ఇదే మాట ప్రేమ లేనిచోట తూష్ణీభావంగా మారుతుంది. మెట్ట పొలాలు తరతరాలుగా ఎరిగిన ధాన్యాలలో సామలు ఒకటి. ఇంగ్లీషులో వాటి పేరు 'లిటిల్ మిల్లెట్'. గింజ సన్ననిది కనుక ఆ పేరు తప్పు కాదు. కాని అటువంటి ధాన్యాలన్నింటినీ చాలాకాలం 'ముతక ధాన్యాలు' అనే జాబితాలో చేర్చారు. పేదవాని కూడు అని పక్కన పెట్టారు. 2018లో భారత ప్రభుత్వం వాటిని 'పోషక ధాన్యాలు'గా ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. గింజ మారలేదు, మాట మారింది. చిరునవ్వులో, చిరుగాలిలో ఉన్న 'చిరు'యే చిరుధాన్యంలోనూ ఉన్నది. అందులో అల్పత్వం వినబడదు.

కార్యాలయాల భాషలో కూడా ఈ చిన్నతనం కనిపిస్తుంది. 2 వేల హెక్టార్ల లోపు ఆయకట్టు ఉన్న చెరువును 'మైనర్ ఇరిగేషన్' అంటారు. దానినే మనం చిన్ననీటి వనరు అంటున్నాం. 2 వేల హెక్టార్లంటే సుమారు 5 వేల ఎకరాలు. అందులో పదవ వంతు భూమిని తడిపే చెరువైనా ఆ ఊరివారికి 'పెద్దచెరువే'. ఆత్మకూరుకు సమీపంలో పెన్నానదిపై సుమారు 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయం ఉంది. అయినా చుట్టుపక్కల మెట్టగ్రామాలలో ఎన్నింటికో ఆధారం ఈ చెరువులే. పూడిక తీయకపోయినా, తూము శిథిలమైనా 'చిన్నదే గదా' అని ఊరుకొంటే ఊరు వలసపోతుంది. అలాగే రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు రైతు, అయిదెకరాల లోపు ఉంటే చిన్నకారు రైతు అని కొలత పెట్టారు. సహాయం అందించడానికి కొలత అవసరమే, దానిని కాదనలేం. కాని భూమి కొలత మనిషి కొలత కాకూడదు.

కొంచెమే గదా అని ఉపేక్షించరాదని అక్కడి నీళ్ళే చెబుతాయి. ఉదయగిరి ప్రాంతంలోని కొన్ని గ్రామాలలో బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. తాగేనీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండాలనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కంటికి ఆనని ఆ కొంచెమే హద్దు దాటితే పిల్లల పళ్ళపై గారలు కడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలను వంచుతుంది. ఆ నీళ్ళు తాగే తల్లికి అది చిన్న విషయం కాదు.

'పిట్ట కొంచెం కూత ఘనం' అని మనవారు అంటారు. అది మెచ్చుకోలే. కాని పిట్టను కొంచెమన్నది మనం, పిట్ట కాదు. చిన్నతనం వస్తువులో ఉండే గుణం కాదు, చూసేవాడు పట్టుకొన్న కొలబద్దలో ఉంటుంది. అందువల్ల ఇంగ్లీషులో గాని తెలుగులో గాని 'చిన్నది' అనే మాట విన్నప్పుడల్లా మనం ఒక ప్రశ్న వేసుకోవాలి – ఇది ఎవరికి చిన్నది? కొలిచేవానికా, దానిపై ఆధారపడి బతికేవానికా? పరీక్షలో 'ఎ' అనే అక్షరాన్ని విడిచిపెడితే పోయేది ఒక మార్కు. చెరువుగట్టుపై నిలబడినవాని మాటలో 'కొంచెం' ఏదో, 'కొంచెమే' ఏదో వినిపించుకోకపోతే పోయేది ఒక పంట. భాష నేర్చుకోవడమంటే ఆ తేడాను చెవినబెట్టడమే.