చప్పట్లతో తీరని బాకీ

గత వేసవిలో మైపాడు వైపు ఒక తీరప్రాంత గ్రామంలో జరిగిన చిన్న సంఘటన మా మనస్సును ఇంకా వదలలేదు. ఆ ఊరిలో మత్స్యకారుల పిల్లలు, ముస్లిం పిల్లలు కలిసి ఆడే క్రికెట్ జట్టు ఒకటి ఉన్నది. పొరుగూరి టోర్నమెంటులో ఆటగాళ్లందరికీ ఉచితంగా చొక్కాలు పంచారు. వాటి మీద ఒక ఆన్‌లైన్ బెట్టింగ్ సంస్థ పేరు ఉన్నది. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. అయినా ఆ పేరు పిల్లల వీపుల మీదికి ఎక్కింది. జూదం హరామ్ కనుక ఆ చొక్కా తొడగబోమని మన పిల్లలు అన్నారు. వలలు కొనడానికి దాచిన సొమ్మును తన అన్న ఆ బెట్టింగులోనే పోగొట్టుకున్నాడు కనుక తానూ తొడగనని మత్స్యకార కుటుంబానికి చెందిన కెప్టెన్ అన్నాడు. జట్టును పోటీ నుంచి తప్పించారు. కట్టిన ప్రవేశ రుసుము తిరిగి రాలేదు.

ఆ వారం జుమా నమాజు తరువాత పెద్దలు ఆ పిల్లల భుజం తట్టారు. మేమూ తట్టాము. అంతకు మించి ఎవరమూ ఏమీ చేయలేదు. ఈ నెల సంపాదకీయం ఆ సిగ్గులోంచి పుట్టినదే.

విశ్వాసం కోసం నష్టపోయిన క్రీడాకారుల మాట వస్తే మనకు మొదట గుర్తుకు వచ్చే పేరు ముహమ్మద్ అలీ. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లోని సైనిక నియామక కేంద్రంలో పేరు పిలిచినప్పుడు ఆయన అడుగు ముందుకు వేయలేదు. వియత్నాం యుద్ధంలో పాల్గొనడానికి తన మతవిశ్వాసం ఒప్పుకోదన్నారు. అప్పటికి ఆయన వయస్సు 25, ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. బిరుదు పోయింది, లైసెన్సు పోయింది. అయిదేళ్ల జైలుశిక్ష, 10,000 డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు వల్ల జైలు తప్పినా, మూడున్నరేళ్లు బరిలో దిగలేకపోయారు. 1971 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. పోయిన యౌవనాన్ని మాత్రం ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. 1980లో ఆయన మద్రాసు వచ్చినప్పుడు మా ఈడు కుర్రాళ్లం పత్రికల్లో ఫొటోలు కత్తిరించి దాచుకున్నాము. పిరికివాడనీ దేశద్రోహి అనీ ఎన్ని నిందలు మోసి ఆయన అంతవరకు వచ్చారో అప్పుడు మేము ఆలోచించలేదు.

ఈ నిజాయితీ ఒక మతం వారి సొత్తు కాదు. నెల్లూరుకు ఉత్తరాన, అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. వెంటనే ఒక పెద్ద శీతల పానీయాల సంస్థ ప్రకటన కోసం వచ్చింది. తాను తాగడం మానేసిన పానీయాన్ని పిల్లలకు సిఫారసు చేయలేనని ఆయన కాదన్నారు. తరువాత అకాడమీ కట్టడానికి డబ్బు చాలక ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చినప్పుడు కూడా, వదులుకున్న ఆ సొమ్ము గురించి ఆయన పశ్చాత్తాపపడలేదు.

ఆడపిల్లలు చెల్లించే మూల్యం ఇంకా ఎక్కువ. అమెరికాలో బిల్కిస్ అబ్దుల్ ఖాదిర్ హిజాబ్‌తోనే కళాశాల స్థాయి బాస్కెట్‌బాల్ ఆడారు. అంతర్జాతీయ సమాఖ్య నిబంధన తలవస్త్రాన్ని అనుమతించకపోవడంతో వృత్తి క్రీడాకారిణి కావాలన్న కల వదులుకున్నారు. 2017లో ఆ నిబంధన మారింది. ఆ మార్పు కోసం పోరాడినవారిలో ఆమె ఒకరు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు ఎదురైనది మరో రకం అడ్డంకి. ఆడపిల్లకు ఆ పొట్టి దుస్తులేమిటని అయినవారే ఆక్షేపించారు. తండ్రి మొహమ్మద్ జమీల్ కూతురి పక్షాన నిలిచారు. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను నేరుగా పంపే ఆలోచన జరుగుతున్నప్పుడు, న్యాయంగా ఎంపిక పోటీ పెట్టాలని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాశారు. పోటీ పెట్టారు. అందులో ఆమె ఓడిపోయారు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచారు.

తల కప్పుకొని ఆడతానన్న బిడ్డను సమాఖ్య ఆపితే మనకు కోపం వస్తుంది. రావలసిందే. కాని మైదానానికి వెళ్తానన్న బిడ్డను మనమే గడప దాటనివ్వకపోతే ఆ కోపానికి అర్థమేమున్నది? ఈ ఇద్దరి దుస్తులు వేరు కావచ్చు, ఇద్దరూ మన బిడ్డలే. క్రీడాకారులు కౌమ్ పరువు నిలపాలని కోరుతాము. వారు నష్టపోయిన రోజున ఆ నష్టంలో మన వాటా ఎంత అని మాత్రం అడగము.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో జమాఖర్చులు రాసిన చేతితోనే ఈ మాటలు రాస్తున్నాము. పొగడ్తను జమగా చూపే పద్దు ఏ ఖాతాలోనూ లేదు. ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి మొహల్లా యువజన సంఘం ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టాలి. హరామ్ సొమ్మును కాదన్న జట్టుకు బ్యాటూ బంతీ ఆ సొమ్ముతో రావాలి. సాధనకు వెళ్లే ఆడపిల్లకు బస్సు ఛార్జీ, తోడుగా ఒక పెద్ద మనిషి దొరకాలి. కులమతాలు చూడకుండా ఇవ్వాలి. ఆ కెప్టెన్ మన పిల్లల పక్కన నిలిచినప్పుడు అవేవీ చూడలేదు.

ఆ జట్టు పోగొట్టుకున్న ప్రవేశ రుసుమును ఈ సంచిక మీ చేతికి అందేలోగా మేము చెల్లిస్తాము. వచ్చే వేసవికి వారికి చొక్కాలు కావాలి. వాటి మీద ఊరి పేరు తప్ప మరే పేరూ వద్దని పిల్లలు చెప్పారు. ఆ ఖర్చులో పాలుపంచుకోదలచినవారు ముందుకు రావలసిందిగా కోరుతున్నాము.