మిరప గింజలు - అమ్మువారి మాటలు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మేడమీద మిరపమొక్కలు పెంచు మా మిత్రులొకరు ఇటీవల ఒక చిన్న పొట్లమును మాకు చూపిరి. అందు పది గింజలు. వెల 250 రూపాయలు. పైన ఎఱ్ఱని కాయ బొమ్మయు, దాని క్రింద ప్రపంచములో నెల్ల మిక్కిలి కారమైన రకమనియు, 22 లక్షల స్కోవిల్ అనియు అచ్చువేయబడియున్నవి. అమ్మినవాని చిరునామా లేదు. గింజ ఏ యేట పండినదో లేదు. నూటి కెన్ని మొలచునో లేదు. పదింటిలో మూడు మొలచినవి, రెండు కాచినవి. ఆ కాయలను నంజుకొని మిత్రుల కుటుంబము పప్పన్నము సుఖముగా భుజించుచున్నది.

పోయినది 250 రూపాయలే కదా యని మేమును మొదట నవ్వితిమి. కాని గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతములలో ఎకరముల కొలది మిరప వేయు రైతునకు ఇట్టి మాటలే చెప్పి గింజ లమ్మినచో నతడు నవ్వజాలడు. బియ్యము కొనువాడు గుప్పెడు చేతబట్టి చూడగలడు. విత్తనపు దోషము మాత్రము కాపు వచ్చువఱకు బయటపడదు. అప్పటికి కౌలు, ఎరువు, కూలి అన్నియు మన్నుపాలగును. విత్తనము కొనువాడు నిజమునకు అమ్మువాని మాటను కొనుచున్నాడు.

ముందుగా ఆ అంకె సంగతి. 1912లో విల్బర్ స్కోవిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మిరపసారమును చక్కెరనీటితో పలుచన చేయుచు, నాలుకకు కారము తెలియకుండ పోవుటకు ఎన్ని రెట్లు పలుచన కావలయునో లెక్కించెను. నేడు నాలుకకు మారుగా యంత్రము కాప్సైసిన్ మొదలగు ద్రవ్యములను కొలుచుచున్నది. ఎట్లు కొలిచినను కొలువబడునది కాయయే. కారము పుట్టునది గింజలో కాదు, కాయలోపల గింజల నంటియుండు తెల్లని కండలో. కావున గింజల పొట్లముపై స్కోవిల్ అంకె వేయుట యనగా, ఎక్కడనో యెవరో పండించిన కాయకు వచ్చిన అంకెను ఇంకను పుట్టని కాయకు అంటగట్టుటయే.

ఆ కాయకైనను అంకె యొక్కటి కాదు. 2012లో న్యూ మెక్సికో రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు ట్రినిడాడ్ మొరూగా స్కార్పియన్ అను రకమును పరీక్షింపగా సగటు 12 లక్షలు వచ్చెను. కొన్ని మొక్కలు మాత్రము 20 లక్షలు దాటెను. ఈ రెండింటిలో అమ్మువాడు దేనిని అచ్చువేయునో వేఱుగ చెప్పనేల? 2007లో గిన్నిస్ గ్రంథమున కెక్కిన మన ఈశాన్య సీమల భూత్ జొలోకియా 10,01,304; 2017లో కరోలైనా రీపర్ 16,41,183; 2023లో పెప్పర్ ఎక్స్ 26,93,000. మన గుంటూరు సన్నమునకు 35,000 మొదలు 40,000 వఱకే. దాని కారమునకే కన్నీరు కార్చు మనకు 22 లక్షలెందుకను ప్రశ్నను ప్రస్తుతము విడుతము. పెప్పర్ ఎక్స్‌ను పుట్టించిన ఎడ్ కర్రీ దాని గింజలను అమ్మకమునకు విడువనని 2023లోనే చెప్పియుండెను. ఆ పేరుగల పొట్లము కంటబడినచో, ఇది మీ కెట్లు వచ్చినదని అడుగుట కొనువాని హక్కు.

తల్లిమొక్క నిజమైనదే యైనను చిక్కు తీరదు. తేనెటీగలు ఒక మిరప పుప్పొడిని మఱియొక మిరపకు చేర్చును. అందుచేతనే ధ్రువీకృత విత్తనము పండించు చేనికిని ఇతర మిరపచేలకును 200 మీటర్ల యెడము నిర్ణయించిరి. ఒకే మేడపై అయిదు రకములు పెంచి గింజలు తీసి అమ్మువాడు ఏ రకమును అమ్ముచున్నాడో అతనికే తెలియదు.

అమ్మువారి పక్షమునను ఒక మాట చెప్పవలెను. ఈ అతికారపు జాతులు మన మిరపవలె వారము పది దినములలో మొలవవు. మూడు నాలుగు వారములు పట్టుట కలదు. చలిలో నాటి, నీరు ముంచి, పిదప వర్తకుని తిట్టుట న్యాయము కాదు.

అంకెను విడిచి అడుగవలసినవి వేఱు కలవు. మన దేశపు ప్రమాణము ననుసరించి ధ్రువీకృత మిరప విత్తనము నూటికి 60కి తక్కువ కాకుండ మొలవవలెను. పరీక్ష చేసిన తేదీ పొట్లముపై నుండవలెను. నీలిచీటీ ధ్రువీకరణ సంస్థ పరీక్షకు గుర్తు. లేతాకుపచ్చ చీటీ అమ్మువాడు తన మాటపై తానే అంటించుకొనునది. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తరువు ప్రకారము విత్తన విక్రేతకు అనుమతిపత్రము తప్పనిసరి. దానిని చూపుమన్నంతనే కోపించువాని యొద్ద కొనకుండుట మేలు.

జాతీయ విత్తన సంస్థకును ఆంధ్రప్రదేశ్ రైతులకును నడచిన వివాదములో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు నిచ్చెను. రైతు వినియోగదారుడు కాడను వాదమును త్రోసివేసి, కొన్న విత్తనమంతయు చల్లుకొను రైతు పరీక్షకొఱకు కొంత దాచియుంచవలెననుట తగదని చెప్పెను. రైతుల కిది గొప్ప యండ. కాని దావా వేయుటకు ప్రతివాది యుండవలెను గదా! మా మిత్రులు తమకు పొట్లమునంపిన అంగడికి మూడుమారులు వ్రాసిరి. జవాబు లేదు, మనిషి జాడయు లేదు. ప్రపంచపు విత్తన పరీక్షకులందఱు 2019లో మహాసభ జరుపుకొన్న హైదరాబాదు నగరమున నున్నవారి గతి యిది.

అంతర్జాలపు అంగళ్లలో విత్తన మమ్ముచోట కాయ బొమ్మ ప్రక్కనే విక్రేత అనుమతి సంఖ్యయు, చిరునామాయు, మొలకశాతమును, పరీక్షించిన తేదీయు సొమ్ము చెల్లింపకమునుపే కానవచ్చునట్లు ప్రభుత్వము నిర్బంధింపవలెను. ఏ కాయను, ఎవరు, ఏ పద్ధతిని పరీక్షించిరో చెప్పనివానికి స్కోవిల్ అంకె అచ్చువేయు స్వేచ్ఛ ఉండరాదు. ఇవి లేని పొట్లములను అంగడిలో నుంచినందుకు అంగడి యజమానియే జవాబుదారి కావలెను.