సున్నా టికెట్టు, ఉచిత పటం

బాగేపల్లిలో బస్సెక్కి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరన్న సున్నా రూపాయల టికెట్టు చించి చేతిలో పెడతాడు. 2023 జూన్ 11న శక్తి పథకం మొదలైనప్పటి నుంచి మనకిది అలవాటైపోయింది. టికెట్టు మీద సున్నా అని ఉన్నంత మాత్రాన ఆ ప్రయాణానికి ఖర్చు లేదని కాదు. డీజిలు ఉంది, డ్రైవరు జీతం ఉంది. మన బదులు ప్రభుత్వం రవాణా సంస్థకి కడుతోంది. ఎవరు కడుతున్నారో తెలుసు కాబట్టి, బస్సు రాకపోతే ఎవరిని అడగాలో కూడా మనకు తెలుసు.

ఫోనులో దారి చూపించే పటమూ మనకు ఉచితమే. మరి దానికి ఎవరు కడుతున్నారు? అది తప్పు దారి చూపిస్తే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్న నాకు తరగతిలో రాలేదు, ఒక సాయంత్రం చెరువు కట్ట మీద వచ్చింది.

చింతామణి తాలూకాలో ఒక పల్లెలో మా చుట్టాలింట్లో నామకరణం. నేనూ మా పెదనాన్న కూతురూ స్కూటర్ మీద పోయినాము. పోయేటప్పుడు మామయ్య బండి ముందుంది కాబట్టి ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు ఇద్దరమే. ఫోను చూసుకుంటా వస్తిమి. ఏ యాప్ అని అడక్కండి, ఇక్కడ దాని పేరుతో పని లేదు. పెద్ద రోడ్డు వదిలి ఎడమకు తిరగమంది, పదకొండు నిమిషాలు కలిసొస్తాయంది. తిరిగినాము. కాసేపు తారు రోడ్డు, తర్వాత మట్టి రోడ్డు, తర్వాత చెరువు కట్ట. కట్ట మధ్యలో గండి. సరిగ్గా అక్కడే నెట్ పోయింది. టైము ఆరున్నర.

మేకలు తోలుకుని పోతున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి నిలబడింది. "యాడికి పోవల్ల పాపా? ఈ దావ పోయిన వానలకే తెగిపోయిందే. ఎనక్కి తిరుక్కోని పోండి, యాపమాను కాడ కుడిపక్కకి తిరగండి" అనింది. ఆమె చెప్పినట్టే పోయినాము. ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటింది.

దారి తప్పింది ఫోను. కానీ ఆ రాత్రి స్కూటర్ తాళం నాన్న జేబులోకి పోయింది. మా అన్న ఒకసారి ఇట్లాగే దారి తప్పి రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చినాడు. అప్పుడు ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. పండగలప్పుడు ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకే అంటున్నాను, ఈ పటం ఖరీదు మనకి వేరే. మగపిల్లలు దారి తప్పితే పెట్రోలు, టైము పోతాయి. మనకైతే ఆ రెండింటితోపాటు అనుమతి పోతుంది. ఒక్క తప్పు మలుపుకి ఆరు నెలల ప్రయాణాలు ఆగిపోతాయి. అదే పటం బాగుంటే, చీకటి పడే వేళ తెలియని వాళ్ళ దగ్గర నిలబడి దారి అడగాల్సిన పని తప్పుతుంది. అందువల్ల పటం మంచిచెడ్డలు అందరికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది మనమే.

మరి డబ్బులిస్తే మంచి పటం వస్తుందా? ఒకప్పుడు డబ్బులిచ్చే కొనేవాళ్ళు. 2009లో టామ్‌టామ్ అనే కంపెనీ ఐఫోన్ కోసం తెచ్చిన దారి చూపే యాప్ ధర అమెరికాలో దాదాపు 100 డాలర్లు. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ అదే పనిని ఉచితంగా చేస్తానని ప్రకటించింది. వెంటనే టామ్‌టామ్, గార్మిన్ కంపెనీల షేర్లు పడిపోయాయి. ఉచితం ముందు నిలబడటం ఎవరికైనా కష్టమే. తర్వాత మనకూ మేలు జరిగింది. 2017 చివర్లో మోటారు సైకిళ్ళకు విడిగా దారి చూపే సౌకర్యాన్ని మన దేశంలోనే మొదలుపెట్టారు. 2018లో తెలుగు, కన్నడ భాషల్లో మలుపులు చెప్పే గొంతు వచ్చింది. ఇవన్నీ ఒక్క రూపాయి ఇవ్వకుండానే మన చేతికి వచ్చాయి. కాదని ఎవరంటారు?

అయితే ఖర్చు ఎక్కడో ఒకచోట తేలాలి కదా. పటంలో తమ పేరు ముందు కనపడాలని అంగళ్ళు, హోటళ్ళు ప్రకటనలకు డబ్బు కడతాయి. తమ యాప్‌లలో పటం వాడుకునే టాక్సీ, డెలివరీ కంపెనీలు వాడకాన్ని బట్టి కడతాయి. 2024 జూలైలో ఓలా సొంత పటానికి మారిపోయానని ప్రకటించింది. అదే నెలలో గూగుల్ కూడా, ఆగస్టు 1 నుంచి మన దేశంలో ఈ ధరలు 70 శాతం దాకా తగ్గిస్తున్నానని చెప్పింది. మనం కట్టేది ఇంకో రూపంలో ఉంటుంది: ఫోను ఏ రోడ్డు మీద ఎంత వేగంగా కదులుతోంది, ఎక్కడ ఆగింది అనే సమాచారం. రోడ్డు రద్దీగా ఉందా లేదా అని పటానికి తెలిసేది అందులోంచే.

ఇక్కడే మన తాలూకాల కథ మొదలవుతుంది. అంగళ్ళు, టాక్సీలు, ఫోనులు ఎక్కడ ఎక్కువో పటం అక్కడ బాగుంటుంది. 2024లోనే, కారు పట్టని ఇరుకు దారుల్లోకి పంపకుండా చూసే కొత్త సౌకర్యం ఒకటి ప్రకటించారు. మొదట ఎనిమిది నగరాలకు ఇచ్చారు. అందులో హైదరాబాదు ఉంది, బెంగళూరు ఉంది. ఇరుకు దారులు నగరాల్లోనే ఉన్నట్టు! పాతపాళ్యం, చేలూరు, మిట్టేమరి పక్క దారుల మీద ప్రకటనలిచ్చేవాళ్ళు ఎవరున్నారు? రోజుకి పది ఫోనులు కూడా పోని మట్టి బాట తెగిపోతే పటానికి ఎవరు చెప్తారు? ఉపగ్రహం తీసిన ఫోటోలో చెరువు కట్ట రోడ్డులాగే కనపడుతుంది. గండి నిన్న పడిందో మొన్న పడిందో ఆ ఫోటోకి తెలియదు.

తప్పు ఒక్క పటానిదే అని కూడా నేననను. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర రామగంగ నది మీద వరదకి కొంత కొట్టుకుపోయిన వంతెన ఎక్కి ఒక కారు నదిలో పడిపోయింది. ముగ్గురు చనిపోయారు. వంతెన తెగిన సంగతి ఫోను పటానికి ఎక్కలేదని వార్తల్లో వచ్చింది. కానీ ఆ వంతెన ముందు దారి మూసేసే గట్టి అడ్డు కూడా లేదు. కేసు పెట్టినప్పుడు అందులో రోడ్ల శాఖ ఇంజనీర్లు కూడా ఉన్నారు. రోడ్డు వేసినవాళ్ళకీ, రోడ్డు చూపించేవాళ్ళకీ మధ్య మాట లేకపోతే ఏమవుతుందో అదొక్కటే చాలు చెప్పడానికి.

తెలుగు విభాగంలో చదువుకునేవాళ్ళం కాబట్టి పేర్ల సంగతి కూడా చెప్పాలి. 2021లో గూగుల్ పటంలోని పేర్లను తెలుగుతో సహా పది భారతీయ భాషల లిపుల్లోకి యంత్రమే మార్చే పద్ధతి వచ్చింది. యంత్రం మార్చేది ఇంగ్లీషు అక్షరాల్లోంచి. ఇంగ్లీషులో ల, ళ లకు ఒకటే అక్షరం. ట, త లకు ఒకటే అక్షరం. కోట అనే ఊరు కోత అయిపోవడానికి ఎంతసేపు పడుతుంది? పైగా మనవి రెండు భాషల ఊళ్ళు. రికార్డులో 'హళ్ళి' అని ఉండేది ఇంట్లో 'పల్లి' అవుతుంది. మా అవ్వ ఇప్పటికీ చిక్కబళ్ళాపురాన్ని చిన్నబళ్ళాపురం అనే అంటుంది. ఆమె ఫోనులో ఆ మాట పలికితే ఆ ఊరు దొరకాలా వద్దా?

2025 జూలైలో నందిబెట్ట మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును 'భాగ్యనగర' అని మార్చడానికి ఒప్పుకుంది. పేరు మంచిదా కాదా అనే వాదన ఇక్కడ వద్దు. కానీ మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా హైదరాబాదుకే పోతుంది. తెలుగువాళ్ళలో చాలామందికి భాగ్యనగరం అంటే హైదరాబాదే. బంధువులు "భాగ్యనగరానికి దారి" అని ఫోనుని అడిగితే అది ఎటు పంపుతుందో అని మా ఇంట్లో నవ్వుకుంటున్నాం. నవ్వులాట పక్కన పెడితే, పాత పేరూ కొత్త పేరూ ఇంటి పేరూ మూడూ పటంలో ఉంటేనే ఈ చిక్కు తీరుతుంది.

అయితే ఏం చేయాలి? ఇక్కడ పాత కథ ఒకటి గుర్తు చేసుకోవాలి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తర్వాత మైసూరు సీమను కొలిచి పటం గీసే పని కాలిన్ మెకంజీ చేతికి వచ్చింది. తర్వాత, 1815లో, ఆయనే భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన పక్కన పని చేసినవాళ్ళు తెలుగువాళ్ళు, కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య. గొలుసులతో భూమి కొలిస్తే చాలదని ఊరూరా కరణాల్ని, పెద్దల్ని అడిగి ఊరి పేరెట్లా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు అన్నీ రాయించారు. అట్లా చేరినవాటిలోనే మనం చదువుకునే కైఫియత్తులు ఉన్నాయి. కొలత ఎంత గొప్పదైనా ఊరివాళ్ళ నోటి మాట కలిస్తేనే అది పూర్తి అవుతుందని వాళ్ళకి రెండు వందల ఏళ్ళ కిందటే తెలుసు. మేకలు కాసే అవ్వకి తెలిసిన గండి పటానికి తెలియకపోవడానికి కారణం ఒకటే. ఆమెని అడిగి రాసేవాళ్ళు లేరు. ఆ పని మనం చేయవచ్చు.

తప్పు దారిని, తప్పు పేరుని సరిచేయమని చెప్పే వీలు దాదాపు ప్రతి పటం యాప్‌లోనూ ఉంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనేది ఇంకో దారి. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా అందులో దారులు గీయవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. అందులో ఒకే ఊరికి కన్నడ పేరు, తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు విడివిడిగా రాయవచ్చు. దాని మీద నడిచే ఉచిత యాప్‌లలో పటాన్ని ముందే దించుకుంటే నెట్ లేకపోయినా దారి చూపిస్తుంది. చాలామంది స్నేహితురాళ్ళకు తెలియని సంగతి ఒకటి: ఫోను ఉపగ్రహాలను బట్టి తానెక్కడుందో కనుక్కోవడానికి నెట్ అక్కర్లేదు. నెట్ కావాల్సింది పటం దించుకోవడానికే. ఆ సాయంత్రం ఈ ఒక్క ముక్క నాకు తెలిసి ఉంటే, గండి కాడ ఫోను చేతిలో రాయిలాగా ఉండేది కాదు.

"పెద్ద కంపెనీకి మనం ఊరికే కూలి చేయడమెందుకు?" అని మా స్నేహితురాలు ఒకామె అడిగింది. న్యాయమైన మాటే. అందుకే ముందు అందరిదైన పటంలో రాద్దాం అంటున్నాను. కంపెనీ పటంలో కూడా సరిచేస్తే అది కంపెనీ కోసం కాదు, రేపు ఆ దారిన స్కూటర్ మీద వచ్చే ఇంకో ఇద్దరు అమ్మాయిల కోసం. "దారి అడిగితే నోట్లో ముత్యాలు రాలతాయా?" అని పెద్దవాళ్ళంటారు. రాలవు. అడగడం మానమని నేను చెప్పడం లేదు, మమ్మల్ని ఇంటికి చేర్చింది అవ్వ మాటే. కానీ అడగడం మన ఇష్టంగా ఉండాలి. గతిలేక అడగకూడదు.

జాగ్రత్తలు రెండు. ఎవరి ఇల్లూ, ఏ అమ్మాయి ఉండే గదీ పటంలో గుర్తు పెట్టవద్దు. మనకి కావాల్సింది దారులు, చెరువులు, బస్సు ఆగే చోట్లు, ఊళ్ళ పేర్లు. రెండోది, మనం ఎక్కడున్నామో ఫోను ద్వారా చూపించే సౌకర్యాన్ని నమ్మిన ఒక్కరికే, ప్రయాణం ఉన్నంతసేపే ఇవ్వండి. ఇల్లు చేరగానే ఆపేయండి.

తాళం సంగతి అడుగుతారేమో. ఇంకా రాలేదు. కానీ పోయిన ఆదివారం నాన్న పక్కన కూర్చుని ఆ గండి పడిన కట్టని పటంలో సరిచేస్తూ ఉంటే, ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. "ఇదిగో, ఈ వంక దాటే బాట కూడా తప్పే. వానాకాలం నాలుగు నెలలు బండి పోదు" అన్నాడు. అది కూడా రాశాం.

ఈ పత్రిక కింద ఒక తెల్ల కాగితం అతికించి, దారానికి పెన్ను కట్టాం. మీ ఊరి పేరు మీ ఇంట్లో ఎట్లా పలుకుతారో తెలుగులో రాయండి. కన్నడం తెలిసినవాళ్ళు పక్కనే రికార్డులోని పేరు రాయండి. ఫోను తప్పుగా చూపించే దారి ఏదైనా ఉంటే గుర్తులతో చెప్పండి, వేపమానో, గుడో, మిల్లో. నెలాఖరుకి కాగితం నిండితే, నిండినవన్నీ మనమే కూర్చుని పటానికి ఎక్కిద్దాం.

— బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని