పడవ కొనడం ఆఖరి పని

భివండిలో ఉండి సొంత మోటారు పడవలో సముద్రం చేపలకు వెళ్లాలనుకోవడం వింత కోరికేమీ కాదు. పక్క ఊళ్లయిన కశేళి, కాల్హేర్‌లను ఒరుసుకుంటూనే ఉల్హాస్ నది ఖాడీగా (సముద్రపు పోటు ఎక్కే పాయగా) మారి పారుతోంది. థానే దగ్గర రెండుగా చీలి, పెద్ద పాయ ఘోడ్‌బందర్ మీదుగా పడమరకు మళ్లి వసాయ్ కోట పక్కన అరేబియా సముద్రంలో కలుస్తుంది. కశేళి నుంచి ఆ ముఖద్వారానికి నీటిదారిన ముప్పై కిలోమీటర్ల దరిదాపు. 1657లో కల్యాణ్, భివండి చేతికొచ్చాక శివాజీ ఓడలు కట్టించడం మొదలుపెట్టింది ఈ ఖాడీ ఒడ్డునే. 2016 జాతీయ జలమార్గాల చట్టంలో దీని సంఖ్య 53. పద్మానగర్, కామత్‌ఘర్ కుటుంబాల్లో తాతలు తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చారు; మనవళ్లలో కొందరి చేతిలో ఇవాళ నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. వాళ్ల చూపు ఖాడీ మీద పడితే తప్పేమీ లేదు. తప్పల్లా వరసలోనే. పడవ ఎన్ని అడుగులు, ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్ అని ముందు బేరానికి దిగుతారు, నీళ్ల సంగతి తరవాత చూసుకోవచ్చనుకుంటారు. నేననేది దీనికి తలకిందులు. పడవ ఆఖరున కొనాలి. అంతకుముందు కనీసం ఒక ఏడాది ఇంకొకరి పడవలో, చెప్పిన పని చేస్తూ, కూర్చోవాలి.

ఎందుకంటే ఇవి మనవాళ్లకు అలవాటైన నీళ్లు కావు. మానేరు డ్యాములోనో ఊరి చెరువులోనో బొచ్చెలకు, రవ్వలకు గాలం వేసినవాడికి నీళ్లు ఉన్నచోటే ఉంటాయన్న నమ్మకం తెలియకుండానే ఏర్పడుతుంది. విశాఖ సముద్రం తెలిసినవాడూ ఇక్కడ పొరబడతాడు. అక్కడ పున్నమి, అమావాస్యలకు కూడా పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటరు దరిదాపే. ముంబయి తీరంలో అవే రోజుల్లో నాలుగు మీటర్లు దాటుతుంది. అంత నీరు ఆరు గంటల్లో వచ్చి మరో ఆరు గంటల్లో వెళ్లిపోతుంది. ఒడ్డు ఊళ్లవాళ్లు భర్తీ, ఓహోటి అని రోజంతా చెప్పుకునేది ఇందుకే. పొద్దున పడవ తేలిన రేవు మధ్యాహ్నానికి బురదగా మిగులుతుంది. ఇరుక్కున్న పడవను తోద్దామని దిగితే తొడల దాకా కూరుకుపోవడమే. మళ్లీ భర్తీ వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి. పోటు వేళల పట్టిక ముంబయిలోని అపోలో బందర్‌కు వేస్తారు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందన్న లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. కానీ అక్కడ నిండిన పోటు ఖాడీ వంపులన్నీ ఎక్కి కాల్హేర్ చేరేసరికి ఎంత ఆలస్యమవుతుందో, ఏ మలుపులో మేట వేసిందో, ఇసుక తోడిన గుంట ఎక్కడుందో ఆ పట్టికలో ఉండదు. ఇసుక తవ్వకం ఈ ఖాడీ అడుగును ఏళ్ల తరబడి కెలుకుతూనే ఉంది. నిరుటి లోతును ఈ ఏడు నమ్మడానికి లేదు.

ముఖద్వారం దగ్గర వ్యవహారం ఇంకా గట్టిది. శీతాకాలం, వేసవి రోజుల్లో పొద్దున గాలి పడి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. అదే వేళకు ఓహోటి బయటికి లాగుతుంటే గాలి ఒకవైపు తోస్తూ, నీరు దానికి ఎదురు పరుగెత్తుతూ, అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. పదిహేను అడుగుల పడవ ఒక అల దిగేలోపే రెండోది ముందు అంచు మీదుగా లోపలికి పడుతుంది. దీనికి తోడు వసాయ్, ఉత్తన్, అర్నాలా వైపు డోల్ వలలు. ప్రవాహానికి ఎదురుగా నోరు తెరిచి, కదలకుండా కట్టి ఉంచే పొడవాటి సంచి వలలవి. వనమట్టలు ఎక్కువగా పడేది వాటిలోనే. పైకి కనిపించేవి తేలే డబ్బాలు, తాళ్లు మాత్రమే. ప్రొపెల్లర్ అందులో పడితే మీ ఇంజిన్ ఆగుతుంది, ఒక కుటుంబం వల చిరుగుతుంది. ఇక ప్లాస్టిక్. అవుట్‌బోర్డ్ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ దాని పక్కనుంచి సన్నటి నీటిధార చిమ్ముతూ ఉండాలి. ఇంజిన్‌ను చల్లబరిచే నీరు లోపల తిరుగుతోందనడానికి అదే గుర్తు. అడుగున నీరు పీల్చుకునే సందులకు ఒక పాల ప్యాకెట్ అతుక్కుంటే చాలు, ధార ఆగిపోతుంది. అది చూసి వెంటనే ఇంజిన్ కట్టేసినవాడు ప్యాకెట్ లాగేసి మళ్లీ బయలుదేరతాడు. చేప తగిలిందన్న సంబరంలో ఉన్నవాడికి కాలిన వాసన వచ్చాక గానీ తెలియదు. రెండు నిమిషాలకోసారి ఆ ధారవైపు కన్ను తిప్పడం ఎవరో చెబితే వచ్చే అలవాటు కాదు, తిప్పేవాడి పక్కన కూర్చుంటే వస్తుంది.

ఈ మాట భివండికి కొత్తేమీ కాదు. కండెలు చుట్టకుండా, తెగిన పోగు అతకడం రాకుండా అప్పు చేసి సాంచాలు (మరమగ్గాలు) పెట్టినవాడి గతి ఏమవుతుందో ఇక్కడ గల్లీ గల్లీకీ తెలుసు. సముద్రం మీదా అంతే: ముందు చెప్పిన పని చేసే ఖలాసీ, తరవాతే పడవ నడిపే తాండేల్. శ్రీకాకుళం మత్స్యకారులు పుట్టుకతో సముద్రం ఎరిగినవాళ్లు; గుజరాత్ పడవల్లో పనికి వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఆంధ్ర మత్స్యకారులే కొందరు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆ ఘటనే ఆధారం. వాళ్లకే పరాయి నీళ్లలో అంత ప్రమాదం ఉన్నప్పుడు మగ్గాల మధ్య పెరిగినవాడికి ఒక ఏడాది శిష్యరికం ఎక్కువ కాదు. ‘ఖాడీ ఊళ్లలోని కోలీలు, ఆగ్రీలు మనల్ని రానిస్తారా?’ అని అడగొచ్చు. అనుమానం న్యాయమైనదే. ఖాడీలో చేప తగ్గింది, నీరు చెడింది. ఆ చెడిన నీటిలో కాంవారీ నదిలోకి మన ఊరు వదిలిన మురుగు వాటా కూడా ఉంది. కాబట్టి మనల్ని చూడగానే వాళ్లకు ప్రేమ పుట్టుకొస్తుందని ఆశించకూడదు. అయితే రోజు కూలి, ఇంధనం ఖర్చు ముందుగా మాట్లాడుకుని, వల లాగమన్నప్పుడు లాగే మనిషిని కాదనడానికి వాళ్లకూ కారణం ఉండదు. ఏడాదికి ఇచ్చే ఆ డబ్బు సొంత పడవ ఖరీదు ముందు చిల్లర.

‘ఫోన్‌లో అన్నీ ఉన్నాయి కదా’ అన్నది కుర్రవాళ్ల అభ్యంతరం. సగం నిజమే. హైదరాబాద్‌లో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని, ఇన్‌కాయిస్ సంస్థ దేశం తీరమంతటికీ అలల, గాలుల అంచనాలు ఉచితంగా ఇస్తోంది. చిన్న పడవలకు వేరే హెచ్చరికల విధానమే ఉంది. అల ఎత్తుతో పాటు అది ఎంత నిటారుగా ఉంటుందో, గాలి అలలు ఎంత త్వరగా ముదురుతాయో కలిపి లెక్క వేసి ప్రమాదం చెబుతుంది. అది చూడకుండా బయలుదేరడం మూర్ఖత్వం. అయినా అది తీరంలో ఒక ప్రాంతానికి చెప్పే మాట, కాల్హేర్ మలుపుకు కాదు. జీపీఎస్ మీరెక్కడున్నారో చెబుతుంది, కింద బురద ఉందో నీరుందో చెప్పదు. ప్రాణం కాపాడే అలవాట్లు ఏ ఫోనూ ఇవ్వలేదు: లైఫ్‌జాకెట్ కాళ్ల దగ్గర పడేయకుండా ఒంటికి తొడుక్కోవడం, మనిషి పడిపోతే ఇంజిన్‌ను ఆపేసే తాడును చేతికి తగిలించుకోవడం, పెట్రోలులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి పెట్టుకుని మిగిలింది ముట్టకపోవడం, ఎప్పటికి తిరిగొస్తామో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లడం. కోస్ట్‌గార్డ్ నంబరు 1554. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర, 2024 డిసెంబరులో ముంబయి హార్బర్‌లో జరిగిన పడవ ప్రమాదాల తరవాత జనం మాట్లాడుకున్నది లైఫ్‌జాకెట్ల గురించే. ఆ మాటలు ఎన్నాళ్లు నిలిచాయో అందరికీ తెలుసు.

‘నాది సరదా, చట్టంతో నాకేం పని’ అనేవాళ్లూ ఉన్నారు. మహారాష్ట్రలో సముద్ర చేపల వేటకు 1981 నుంచి చట్టం ఉంది. జూన్ 1 నుంచి జులై 31 వరకు 61 రోజులు మోటారు పడవల వేట నిషేధం. మన తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఇక్కడ జూన్, జులై చేప గుడ్లు పెట్టే కాలం, పైగా రుతుపవనాల సముద్రం చిన్న పడవకు లొంగేది కాదు. కోలీలు చట్టం రాకముందునుంచే శ్రావణ పౌర్ణమినాడు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చాకే వేటకు దిగడం ఆనవాయితీ. మన పద్మశాలీలు జంధ్యం మార్చుకునేదీ ఆ రోజే. ఇక 2008 నవంబరు దాడి. ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే చేపల పడవను చేజిక్కించుకుని, చివరకు చిన్న రబ్బరు పడవలో ముంబయి మత్స్యకారుల బస్తీ దగ్గరే దిగారు. అప్పటినుంచి నంబరు లేని చిన్న పడవను పోలీసులు మామూలుగా చూడరు, చూడకూడదు కూడా. అయితే ఇక్కడ ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. చేపల పడవలు మత్స్యశాఖకు, తక్కిన మోటారు పడవలు మారిటైమ్ బోర్డుకు చెందుతాయి. సెలవునాడు గాలం వేసి రెండు చేపలు ఇంటికి తెచ్చుకునేవాడు ఏ గుమ్మం తొక్కాలో, ఏ కాగితాలు కావాలో ఒక్క పేజీలో రాసి పెట్టి, చిన్నపాటి శిక్షణ పరీక్ష పెడితే దొంగదారిన దిగేవాళ్లు తగ్గుతారు. పడవ ఎక్కడ కట్టాలన్నది కూడా ముందే తేలాలి. ఒడ్డంతా మడ చెట్లు. వాటిని నరకడాన్ని బొంబాయి హైకోర్టు 2018లో నిషేధించింది. మిగిలినవి ఊళ్ల రేవులే. ఆ ఊరితో పరిచయం లేకుండా పడవ కొన్నవాడు దాన్ని ఇంటి ముందు ట్రెయిలర్ మీద చూసుకోవాలి.

అన్నిటికంటే తీయని వాదన డబ్బుది: ‘పట్టిన చేప అమ్మితే కిస్తీ గడిచిపోతుంది.’ 2021 ఆగస్టు చివర పాల్ఘర్ జిల్లా ముర్బే మత్స్యకారులకు ఒక్క వేటలో 157 ఘోల్ చేపలు, మన కచిడీలు, పడి 1.33 కోట్ల రూపాయలు వచ్చాయన్న వార్త ఈ ఆశకు ఆజ్యం పోసింది. అది గాలంతో వచ్చిన డబ్బు కాదు, వలతో వచ్చింది. ఆ ధర కూడా మాంసానిది కాదు, విదేశాల్లో గిరాకీ ఉన్న పొట్టలోని గాలిబుడగది. అలాంటి రోజు మత్స్యకారుడి జీవితంలోనే ఒకసారి వస్తే గొప్ప. సరదాకు వెళ్లినవాడు అమ్మకానికి దిగితే, నేర్పినవాడి బజారులోనే పోటీకి నిలబడినట్టు. నా ఉద్దేశంలో గాలమే వాడాలి, తినేంతే తేవాలి. ఖాడీలో గాలానికి అసలైన మర్యాద ఇచ్చేది జితాడా, అదే మన పండుగప్ప. పోటు మళ్లే వేళ బతికిన రొయ్యకు వస్తుంది. అది మొదట మగగా పెరిగి, పెద్దదయ్యాక ఆడగా మారే చేప. అంటే ఫొటోకు బాగుండే పెద్ద చేపే గుడ్లు పెట్టేది. దాన్ని వదిలేయడానికి ఒప్పుకోని మనిషికి పడవ ఎందుకో నాకు అర్థం కాదు.

ఏడాది పోయాక పడవ కొనొద్దని కాదు. అప్పటికి మీ అవసరం మీకే తెలుస్తుంది. ఖాడీ లోపలే తిరుగుతారా, నవంబరు పొద్దుల్లో ముఖద్వారం దాటుతారా అన్నదాన్నిబట్టి పడవ పొడవు, ఇంజిన్ శక్తి తేలతాయి. ఉప్పునీళ్ల నుంచి వచ్చిన ప్రతిసారీ ఇంజిన్‌లోకి పది నిమిషాలు మంచినీళ్లు పట్టించే ఓపిక ఉందో లేదో కూడా ఆపాటికి తేలిపోతుంది. ఆ ఓపిక లేనివాళ్ల ఇంజిన్లే పాత సామాను బజారుకు వస్తాయి, అలాంటిది కొనకుండా జాగ్రత్తపడటం కూడా తాండేల్ పక్కన ఉన్నవాడికే సాధ్యం. ఇన్నీ చూశాక కొందరికి సొంత పడవే అక్కర్లేదనిపిస్తుంది. అలాంటివాళ్లు ఆ తాండేల్ పడవకు కొత్త ఇంజిన్ కొనడంలో వాటా పెట్టి, నెలకు రెండు సెలవులు తమకని మాట్లాడుకోవచ్చు.