సంగమ క్షేత్రంలో సంస్కృతి ప్రశ్న: కందకుర్తి

జాతీయ సంస్కృతి అనే మాటను మన విద్యావంత మధ్యతరగతి తాతలనాటి ఆస్తిపత్రంలా దాచుకుంటున్నది. పత్రం పెట్టెలో భద్రంగా ఉన్నది కనుక, పొలం బీడుపడిందా అని విచారించే పని లేదనుకుంటున్నది. ఈ నిశ్చింతను పరీక్షించడానికి కందకుర్తికి మించిన స్థలం అరుదు.

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర దానితో సంగమించేదీ ఇక్కడే. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘాన్ని 1925లో స్థాపించిన కేశవ బలిరాం హెడ్గేవార్ పూర్వికుల గ్రామం కూడా ఇదే. అభిమానులకు అది దర్శనీయ స్థలం; విమర్శకులకు వాదవస్తువు. ఇరుపక్షాల విద్యావంతులకూ ఊరి పేరు చాలు, ఊరి మాట అక్కరలేదు. పూర్వికులు నాగపూరుకు వలస వెళ్లగా, 1889లో అక్కడే జన్మించిన హెడ్గేవార్ మరాఠీ వాతావరణంలో పెరిగాడు. అస్తిత్వం ఊళ్లూ భాషలూ దాటి సాగుతుందని చెప్పే ఈ చిన్న వాస్తవం ఉభయుల వాదాల్లోనూ పెద్దగా వినబడదు.

1956 దాకా నాందేడ్, నిజామాబాద్ జిల్లాలు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒరుసుకొని పారిన ఈ నేల పలుకుబడిని సంకరమని తీసివేసేవారు మనలో నేటికీ ఉన్నారు. మాండలిక వైభవంపై పత్రం చదివి, తరగతిలో విద్యార్థి యాసను దిద్దే అధ్యాపకుడు మనకు అపరిచితుడు కాడు.

1921లో హైదరాబాదు వివేకవర్ధని సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగిస్తే సభాసదులు హేళన చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి జవాబిచ్చాడు. నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1937లో నిజామాబాదులోనే సమావేశమైంది. నాటి చదువుకున్నవారు అవమానాన్ని పనిగా మార్చుకున్నారు. మనకు 2008లో ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించింది. మనం గౌరవాన్ని విశ్రాంతిగా మార్చుకున్నాం. పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేయడానికి 2018లో తెలంగాణకు చట్టమే అవసరమైందంటే, అంతకుముందు తెలుగు పట్ల మన ఇళ్లలోని శ్రద్ధ ఎంతటిదో తేటతెల్లమే. ఆనాడు హేళనకు గురికావడానికైనా తెలుగులో మాట్లాడే వక్త ఒకడున్నాడు!

బతుకుతెరువుకు ఇంగ్లీషు కావాలనే వాదాన్ని కాదనలేము. కూలి కుటుంబం బిడ్డను ఇంగ్లీషు బడికి పంపడం అవసరం. అన్నీ అమరిన కుటుంబం అదే పని చేసి, వేదికమీద మాతృభాషకు మంగళహారతి పట్టడం మాత్రం ఆత్మవంచన. ఆక్షేపణ ఇంగ్లీషు మీద కాదు, ఈ ఆత్మవంచన మీదే.

1937లో స్థాపితమైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు నాటడం నుంచి గానుగాడించడం దాకా ఆ బతుకును నడిపిన మాటలు కార్మికులతో, రైతులతో వృద్ధమవుతున్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం 1962లోనే వెలువడింది. మార్గం ఉన్నది, నడిచేవారే కావాలి. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నది. బోధన్, కందకుర్తి దూరం కావు. జాతీయ సంస్కృతిపై మరొక సదస్సుకు ముందు, ఒక్క పరిశోధకుడు శక్కర్‌నగర్ వృద్ధ కార్మికుని ఎదుట కూర్చుని వంద మాటలు రాసుకురావాలి. అప్పుడు మన వాదానికి ఆధారం ఉంటుంది.