గోడ బీటకు కొలతే సాక్ష్యం

క్వారీకి దగ్గరగా వున్న ఏ ఊరు వెళ్ళినా ఒకే తగవు వినిపిస్తుంది. తూటా పేలింది, గోడ బీటవారింది అని ఇంటివారు అంటారు. పునాది నల్లరేగడిలో వేశారు, వేసవిలో నేల నెర్రెలిచ్చి గోడ లాగింది, మాకేమి సంబంధం అని క్వారీవారు అంటారు. ఇబ్రహీంపట్నం నుంచి దొనబండ, పరిటాల వైపు కొండరాయి కొట్టి కంకర ఆడించే ప్రాంతం గనుక యీ మాటలు యిక్కడివారికి కొత్త కావు. విచిత్రమేమంటే రెండింటిలోనూ నిజం వుండవచ్చు. రేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి యిళ్ళను పగలగొట్టడం అందరూ ఎరిగినదే. అర్జీ మీద అర్జీ పెట్టినా తగవు తెగకపోవడానికి కారణం, ఎవరి చేతిలోనూ అంకె లేకపోవడమే.

ఆ అంకె దొరకనిది కాదు. పేలుడు జరిగినపుడు నేల ఎంత వేగంగా కదిలిందో చెప్పే యంత్రాలు ఎప్పటి నుంచో వున్నాయి. ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ కార్యాలయం 1997లో జారీచేసిన 7వ నెంబరు సర్క్యులర్‌లో హద్దులు స్పష్టంగా వున్నాయి. క్వారీ యజమానికి చెందని మామూలు యిళ్ళ వద్ద, నేల సెకనుకు 8 ఊపుల లోపు నెమ్మదిగా ఊగితే, కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. 8 నుంచి 25 ఊపుల మధ్య అయితే 10, ఆపైన 15 మిల్లీమీటర్లు. పురాతన కట్టడాలకు మొదటి హద్దు 2 మిల్లీమీటర్లే. కొండపల్లి కోట వంటిది దగ్గరలో వున్న చోట ఆ 2 అంకెను మరువరాదు.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. మనిషి శరీరం చాలా సున్నితమైనది. సెకనుకు 1 మిల్లీమీటరు కదలికనే మనవాళ్ళు పసిగట్టి ఉలిక్కిపడతారు. కిటికీ రెక్కలు టపటపలాడడం, అలమరలోని గిన్నెలు మోగడం అనేక సార్లు నేల అదురు వల్ల గాక, గాలిలో వచ్చే పేలుడు తాకిడి వల్ల జరుగుతాయి. కనుక అదిరిన యిల్లల్లా దెబ్బతిన్నట్టు కాదు. అట్లాగని క్వారీవారు తమ ఆఫీసు ముందు యంత్రం పెట్టి తీసిన కాగితాన్ని ఊరు నమ్మనక్కరలేదు. కొలవవలసింది బాధితుని యింటి పునాది దగ్గర. ఒకేసారి పేల్చే మందును నాలుగో వంతుకు తగ్గిస్తే, యిల్లు సగం దూరంలో వున్నా అదురు దాదాపు మునుపటి అంతే వుంటుంది. అందుకే రంధ్రాలన్నీ ఒక్కసారి పేల్చక, క్షణంలో వెయ్యో వంతుల తేడాతో వరుసగా పేల్చే పద్ధతి వచ్చింది. ఆ ఖర్చుకు వెనుకాడేవారు పునాదుల గురించి ఊరికి పాఠం చెప్పడం సబబు కాదు.

పేలుడు హద్దు మీరిందా అన్నది ఒక ప్రశ్న. ఇల్లు బలహీనపడిందా అన్నది వేరే ప్రశ్న. సంతలో కుండ కొనే ఆడవారు దానిని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగున మోగితే తీసుకుంటారు, జీరబోతే పక్కన పెడతారు. భవనం సంగతీ అంతే. ప్రతి కట్టడానికీ సొంత ఊపు వుంటుంది. దానిని ఎవరూ కొట్టనక్కరలేదు. గాలి, హైవే మీద లారీలు, కొండపల్లి మీదుగా పోయే రైళ్ళు దానిని నిత్యం సన్నగా ఊపుతూనే వుంటాయి. గోడలపై పెట్టిన సున్నితమైన పరికరం ఆ ఊపును లెక్కిస్తుంది. ఉదాహరణకు సెకనుకు 8 సార్లు ఊగే బడి భవనం తరువాత 7 సార్లే ఊగితే, దాని బిగువులో దాదాపు నాలుగో వంతు పోయిందని లెక్క. సున్నపు పూత మీది సన్నని గీత యిందులో కనబడదు. ఎండకూ, తడికీ కూడా ఊపు కొంత మారుతుంది కనుక ఒకే ఋతువులో పోల్చాలి. కాని గోడల లోపలి నష్టం కంటికి తెలియకముందే బయటపెట్టగలది యిదే.

చిక్కంతా పాత అంకె వుండడంలో వున్నది. ముందు కొలవనిదే తరువాతి కొలత దేనితో పోల్చాలి? 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు వద్ద 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం విజయవాడ ప్రాంతంలోనూ తెలిసింది. అటువంటి రోజున బడికీ, ఆసుపత్రికీ, ఓవర్‌హెడ్ టాంకుకూ పాత కొలత వుంటే, మర్నాడే తిరిగి కొలిచి పిల్లలను లోపలికి పంపాలో వద్దో చెప్పవచ్చు.

కాబట్టి క్వారీకి అనుమతి యిచ్చేటప్పుడే చుట్టుపక్కల యిళ్ళ బీటలను ఫోటోలతో నమోదు చేయించడం, ప్రభుత్వ భవనాల ఊపు కొలిపించడం గనుల శాఖ బాధ్యతగా పెట్టాలి. ఖర్చు క్వారీవారిది, కొలిచే మనిషి మాత్రం వారి మనిషి కారాదు. ప్రతి పేలుడు అంకె, తేదీ, వేళ పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి.

అంతవరకు రైతులు చేసుకోగల పని ఒకటున్నది. పాత మేస్త్రీలు, ఇంజనీర్లు ఎరిగినదే. బీటకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు చివరలా సిమెంటుతో అతికించి, పక్కనే తేదీ వ్రాసి పెట్టాలి. బీట కదిలితే గాజు పగులుతుంది. ఏ రోజున పగిలిందో, ఆ రోజు తూటా ఏ వేళ పేలిందో నోటు పుస్తకంలో వ్రాసుకుంటే, తహశీల్దారు ముందుకు అర్జీతో పాటు దానినీ తీసుకుపోవచ్చు.