లోపలి గడియ

ఆడమనిషి ఒంటిగా కూర్చుంటే మనవాళ్ళకు మూడే కారణాలు తోస్తాయి: మొగుడితో తగాదా, ఒంట్లో నలత, లేదా గాలి సోకడం. అలా ఉండటం ఆమెకు ఇష్టమేమోనని ఎవరికీ తోచదు. హిందూపురంలో మా మిద్దె ఇంటి వెనక గదిలో నేను బొమ్మలు వేస్తాను. పైకప్పు గవాచిలోంచి నేల మీద పడే వెలుగు, పొద్దు జరిగేకొద్దీ గోడ మీదికి పాకే నీడ, ఖాళీ పీట, మూసిన తలుపు. మనుషులుండరు. "ఏం పాపా, అంత దిగులు?" అంటారు. దిగులేం లేదు. నేను తక్కువ మాట్లాడే మనిషిని, అంతే.

చుట్టాలు అడిగితే సర్దుకోవచ్చు. సంఘాల్లో పనిచేసే మనమే అడిగితే? పెనుకొండలో ఒక శిక్షణా తరగతిలో ఒక కార్యకర్త నా బొమ్మలు చూసి, "వీటిలో సమస్య ఏది? పోనీ, అమ్ముడుపోతాయా?" అంది. స్త్రీ గీసింది పోస్టరైనా కావాలి, సరుకైనా కావాలన్న మాట! పొదుపు సంఘంలో కుండలకు రంగులు వేయడం నేర్పుతాం, మంచిదే. ఎవరి కోసమూ కాని బొమ్మకు మన కార్యక్రమాల్లో చోటేది?

వెలుగునీడలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును పలచన చేసి, రంగులద్ది, వెనక దీపం పెట్టి తెల్లగుడ్డ మీద రామాయణం ఆడించారు. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ కళలో స్త్రీ పాత్రలకు గొంతిచ్చింది ఆడవాళ్ళే. ఇప్పుడు అదే తోలు ల్యాంప్ షేడ్లుగా అమ్ముడుపోతోంది. ధర్మవరం పట్టులో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. చీర కదిలితే వెలుగూ నీడా మారతాయి. మగ్గం ఇంట్లోనే ఉంటుంది. కండెలు చుట్టేదీ ఆమే, వండేదీ ఆమే. ఇల్లే కార్ఖానా అయినచోట ఆమెకంటూ ఒక మూల ఎక్కడ మిగులుతుంది?

మూల ఇచ్చారు లెండి. ముట్టయితే మూల, భర్త పోతే మూల. శిక్షగా ఇచ్చారు. ప్రభుత్వ పత్రాల్లో "ఒంటరి మహిళ" అనేది పింఛను అర్హత. ఆ పింఛను అందాల్సిందే. కానీ మగతోడు లేకపోవడమే ఒంటరితనమన్న తీర్పు ఆ మాటలోనే ఉంది. కోరుకున్న ఏకాంతాన్ని రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే స్త్రీలు అందులో రోజుకు సగటున 299 నిమిషాలు గడిపేవారు, పురుషులు 97 నిమిషాలు. తేడా 202 నిమిషాలు. గవాచి వెలుగు మా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పోవడానికి దాదాపు అంతే పడుతుంది.

నాలుగు గోడల్లోంచి బయటికి రమ్మన్న మనమే మళ్ళీ తలుపులు మూసుకోమంటామా అని కొందరు మిత్రుల ఆక్షేపణ. ఇంటిగుట్టు పేరుతో కొట్టినవాణ్ణి కాపాడే తలుపును బద్దలు కొట్టాల్సిందే. ఆ తలుపు గడియ అతని చేతిలో ఉంటుంది. నేనడిగే గడియ ఆమె చేతిలో ఉండాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. మన సభల్లో ఆ తీర్పు ఆధార్ దగ్గరే ఆగిపోయింది. సొంత ఇంట్లో స్త్రీకి గోప్యత మాటేమిటి?

మహిళా సంఘ భవనాలున్న ప్రతిచోటా ఒక చిన్న గది కేటాయించమని అడుగుతున్నాను. కుట్టుమిషన్లు, నినాదాలు వద్దు. ఒక కిటికీ, లోపలినుంచి వేసుకునే గడియ చాలు. బయటికొచ్చిన మనిషిని లోపల ఏం చేశావని అడగకండి.